నాజిల్ దగ్గర కారే డీజిల్: బిగించడమే మరమ్మతు కాదు

"పాత లారీ అన్నాక నాజిళ్ల దగ్గర కాస్త చెమ్మ ఉంటుంది భాయ్, చల్తా హై." ఈ మాట మన షెడ్లలో తరచూ వింటుంటాను. దీంతో నాకు సఖ్త్ ఇఖ్తిలాఫ్ ఉంది. బండి ఉమర్ పెరిగినంత మాత్రాన డీజిల్ కారాలని ఏ కానూనూ లేదు. కారుతోందంటే ఎక్కడో ఒక వాషరో, పైపో, నట్టో చెడిపోయిందని అర్థం. దాన్ని వెతకడం మానేసి "చల్తా హై" అనడం సబ్ర్ కాదు, లాపర్వాహీ.

విజయవాడ ఆటోనగర్ నుంచి కర్నూలు, హైదరాబాద్ దాకా మన ఖాందాన్లలో ఎందరికో లారీయే రోజీరోటీ. ఒకరు ఓనర్, ఒకరు డ్రైవర్, ఒకరు ఉస్తాద్, ఒకరు షాగిర్ద్. అందుకే ఈ సంగతి షెడ్డులో వాళ్లకే కాదు, ఇంట్లో ఖర్చుల హిసాబ్ చూసే అమ్మీలకూ, ఆపాలకూ తెలియాలి.

ముందు హిసాబే చూద్దాం. సెకనుకు ఒక్క చుక్క కారుతోందనుకోండి. గంటకు 3,600 చుక్కలు. 30 చుక్కలకు ఒక మిల్లీలీటర్ అని లెక్కవేసినా గంటకు 120 మిల్లీలీటర్లు. రోజుకు 10 గంటల చొప్పున నెలలో 25 రోజులు బండి తిరిగితే 30 లీటర్లు. లీటరు 95 రూపాయలనుకుంటే 2,850 రూపాయలు నేలపాలు. నాజిళ్లన్నిటికీ రాగి వాషర్లు మార్చినా ఇందులో చిన్న వంతు కూడా కాదు. పైగా ఆ డీజిల్ రోడ్డు మలుపులో పడితే వెనక వచ్చే బైకు జారుతుంది. ఆ బైకు మీదున్న మనిషికి మన "చల్తా హై"తో ఏం తాల్లుక్?

పాత టాటా, లేలాండ్ బండ్లలో వరుస పంపు ఉంటుంది. ఆ పంపులు చేసిన బెంగళూరు కంపెనీ 2008లో బాష్ పేరుకు మారినా, మన ఉస్తాదులకు అది ఇప్పటికీ మైకో పంపే. ఆ పంపు నుంచి నాజిల్‌కు వచ్చే డీజిల్ సుమారు 200 బార్ ప్రెషర్ మీద చిమ్ముతుంది. కారే చోట్లు ముఖ్యంగా మూడు. ఒకటి, ప్రెషర్ పైపు నాజిల్‌ను కలిసే నట్టు. రెండు, మిగిలిన డీజిల్‌ను వెనక్కి తీసుకెళ్లే ఓవర్‌ఫ్లో పైపు, దాని బోల్టుకు అటూ ఇటూ ఉండే రాగి వాషర్లు. మూడు, నాజిల్ కింద హెడ్‌లో కూర్చునే వాషర్. ఈ మూడోచోట లీకైతే డీజిల్ కన్నా పొగే ఎక్కువ వస్తుంది. చుట్టూ తారులాంటి నల్లటి మడ్డి పేరుకుంటుంది, ఇంజిన్ "చుఫ్ చుఫ్" అంటుంది.

మూడింటి ఇలాజ్ మూడు రకాలు. కానీ చాలా చోట్ల మూడింటికీ ఒకటే నుస్ఖా: పానా పెట్టి ఇంకాస్త బిగించు! నా గట్టి ఎతరాజ్ ఇక్కడే. ప్రెషర్ పైపు కొనను అతిగా బిగిస్తే అది నలిగి లోపలి దారి ఇరుకవుతుంది, ఆ సిలిండర్‌కు డీజిల్ తగ్గుతుంది. బిగించేటప్పుడు ఒక పానాతో నాజిల్ బాడీని పట్టుకుని, రెండో పానాతో నట్టు తిప్పాలి. పైపు దానంతటదే సీటులో కూర్చోవాలి, వంచి బలవంతంగా కూర్చోబెట్టకూడదు. పైపుల్ని కలిపి పట్టే క్లాంపులు విప్పి పక్కన పడేస్తే, అదురుకి పైపు మెడ దగ్గర చిట్లుతుంది. చిట్లిన పైపుకు వెల్డింగ్ పనికిరాదు, అదే కొలత పైపు వేయాలి. దారాల మీద టేపు, సీలు ముద్ద అసలే వద్దు. దాని తునక లోపలికి పోతే నాజిల్ ఖరాబే.

నాజిల్ విప్పినప్పుడు పాత వాషర్ సీటులో అతుక్కుని ఉండిపోవచ్చు. దానిమీదే కొత్తది వేస్తే నాజిల్ మూతి పైకి లేచి, స్ప్రే పడాల్సిన చోట పడదు. బండి నల్లపొగ కక్కుతుంది. నింద మాత్రం పంపు మీదకు పోతుంది.

లీకు ఎక్కడో పట్టుకోవడానికి తరీఖా చాలా సాదా. ఇంజిన్ ఆపి, చల్లారాక శుభ్రంగా కడిగి ఆరబెట్టి, నాజిళ్ల చుట్టూ సుద్దపొడి చల్లాలి. తర్వాత స్టార్ట్ చేసి టార్చితో దూరం నుంచి చూస్తే, తెల్లని పొడి ముందుగా ఎక్కడ తడిసిందో అదే చోటు. వేలితో తడిమి మాత్రం చూడొద్దు. 200 బార్ ధార చర్మంలోకి దూరుతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది, మొదట్లో నొప్పి కూడా ఉండకపోవచ్చు. లోపల మాంసం చెడిపోయి వేలు తీసేయాల్సి రావచ్చు. అలా జరిగితే కట్టుకట్టి ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ప్రెషర్ డీజిల్ లోపలికి పోయిందని డాక్టర్‌కు స్పష్టంగా చెప్పాలి. కామన్ రైల్ వచ్చిన కొత్త బండ్లలో ప్రెషర్ 1,000 బార్ దాటుతుంది. నడిచే ఇంజిన్ మీద నట్టు వదులు చేసే పాత అలవాటు అక్కడ జాన్ తీస్తుంది.

ఇప్పటికీ కొన్ని షెడ్లలో "ఒరే, వేలుపెట్టి చూడరా" అని పిల్లల్నే పంపిస్తారు. షాగిర్ద్ చేతులు ఉస్తాద్ దగ్గర అతని అమ్మానాన్నలు పెట్టిన అమానత్. ఆ చేతులకు హునర్ నేర్పాలి గానీ వాటిని పరీక్ష పరికరాలుగా వాడకూడదు.

ఓనర్ భాయీలకూ ఒక మాట. ఓవర్‌ఫ్లో పైపు హెడ్ కవర్ లోపల ఉండే ఇంజిన్లలో లీకు బయటకు కనిపించదు. డీజిల్ నేరుగా చాంబర్ ఆయిల్‌లో కలుస్తుంది. గేజి కడ్డీ మీద ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే, డీజిల్ వాసన కొడుతుంటే ఖుష్ కాకండి. పల్చబడిన ఆయిల్ బేరింగుల్ని తినేస్తుంది. అప్పుడు వందల్లో పోయే పని లక్షకు చేరుతుంది.

ఉస్తాద్ రెండు గంటలు వెతికి ఒక్క వాషర్ మారిస్తే "వాషర్‌కు ఇంత మజూరీనా?" అని బేరమాడతాం. ఆయన అడిగింది రాగి ముక్క ఖీమత్ కాదు, చోటు కనిపెట్టిన ఇల్మ్‌కు హఖ్. ఆ హఖ్ ఇవ్వకపోతే రేపు ఆయన కూడా పానాతో ఒక్క తిప్పు తిప్పి పంపించేస్తాడు. అప్పుడు తప్పు ఆయన ఒక్కడిదే కాదు. ఈసారి బండి షెడ్డుకు వెళ్లినప్పుడు "బిగించు" అనకండి, "ఎక్కడ కారుతోందో చూపించు" అని అడగండి. చూపించిన ఉస్తాద్‌కు మజూరీ ఖుషీగా ఇవ్వండి.