పురోగతి లేకపోవడమే మంచిదట!

రుసైల్లో మా ఆఫీసు నాలెడ్జ్ ఒయాసిస్ మస్కట్ ఆవరణలో ఉంది. దగ్గర్లోనే పారిశ్రామికవాడ. అక్కడ పనిచేసే మనవాళ్ళు కొందరికి, కంప్యూటర్లు తెలిసినవాడు ఏ కాగితమైనా చదివి చెప్పగలడని ఓ నమ్మకం. ఆ మధ్య ఒకతను తన ఫోను నా చేతిలో పెట్టాడు. ఊళ్ళో వాళ్ళ బావకి నోటి కేన్సరు. డాక్టరు చెప్పిన మందు మీద జరిగిన పరిశోధన సారాంశాన్ని వెతికి, ఫోనుతోనే తెలుగులోకి మార్పించుకున్నాడు.

"అన్నా, ఇందులో 'పురోగతి లేని మనుగడ' అని రాసుంది. పురోగతే లేకపోతే ఇంక ఆ మందెందుకన్నా?"

అసలు మాట 'ప్రోగ్రెషన్ ఫ్రీ సర్వైవల్'. కేన్సరు వైద్యంలో ప్రోగ్రెషన్ అంటే జబ్బు ముదరడం. అది లేకపోవడం శుభవార్తే. కానీ తెలుగులో పురోగతి అంటే బాగుపడడం కదా! యంత్రం మాటకు మాట తెచ్చిపెట్టి అర్థాన్ని తలకిందులు చేసింది. 'జబ్బు ముదరకుండా గడిచిన కాలం' అంటే మా అమ్మమ్మకి కూడా అర్థమయ్యేది.

నేను డాక్టర్ని కాను. ఏ మందు వాడాలో చెప్పడం నా పని కాదు. కానీ ఎవరైనా తమ సాఫ్ట్‌వేరు రెట్టింపు వేగంగా పనిచేస్తుందంటే "దేనికన్నా? ఏం కొలిచి చెబుతున్నారు?" అని అడగడం మా వృత్తిలో మొదటి పాఠం. కేన్సరు మందుల విషయంలో ఆ ప్రశ్న రోగి తరఫువాళ్ళు కూడా అడగాలని నా అభిప్రాయం. ఎందుకంటే జబ్బు ముదరకుండా గడిచిన కాలం వేరు, మనిషి బతికిన కాలం వేరు. మొదటిది పెరిగినంత మాత్రాన రెండోదీ పెరగాలని లేదు.

దీనికి అవాస్టిన్ కథ కన్నా మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. శరీరంలో ఇతర చోట్లకి పాకిన రొమ్ము కేన్సరుకి ఈ మందు వాడొచ్చని 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ త్వరితగతిన అనుమతిచ్చింది. అప్పటి పరీక్షలో, కీమోకి ఇది కలిపితే జబ్బు ముదరకుండా గడిచిన కాలం సుమారు 6 నెలల నుంచి సుమారు 12 నెలలకి పెరిగింది. రెట్టింపు! మరి బతికిన కాలం? ఒక వర్గంలో 25.2 నెలలు, మరో వర్గంలో 26.7 నెలలు. గణాంకశాస్త్రం ప్రకారం అది లెక్కలోకి తీసుకోదగ్గ తేడా కాదు. తరవాతి పరీక్షల్లో మొదటి రెట్టింపు కూడా నిలబడలేదు. పైగా రక్తపోటు పెరగడం, రక్తస్రావం, పేగులకి చిల్లులు పడడం లాంటి ప్రమాదాలు. 2011 నవంబరు 18న ఎఫ్‌డీఏ రొమ్ము కేన్సరు వరకూ ఆ అనుమతిని వెనక్కి తీసుకుంది. (అన్నట్టు, యూరపు మాత్రం ఒక రకం కీమోతో కలిపి వాడడానికి అనుమతి ఉంచింది. ఒకే అంకెలు చూసి పెద్దలే చెరో దారీ పట్టారంటే, ఏది ముఖ్యమనుకుంటున్నామో రోగిని కూడా అడగొద్దూ?)

పాతకాలంలో ఈ విషయంలో నిజాయితీ కొంచెం ఎక్కువేమో అనిపిస్తుంది. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం లెడర్లీ సంస్థలో తయారుచేసిన అమినోప్టెరిన్‌ని సిడ్నీ ఫార్బర్ రక్త కేన్సరు పిల్లలకిచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించాడు. 16 మందిలో 10 మందికి గుణం కనిపించింది. అంతకుముందు ఏ మందుకీ లొంగని జబ్బది. అయినా ఆ వ్యాసం పేరులోనే 'తాత్కాలిక' అన్న మాట పెట్టాడాయన. అమినోప్టెరిన్‌కి తోబుట్టువులాంటి మెథోట్రెక్సేట్‌ని మాత్రం ఇప్పటికీ వాడుతున్నారు.

ఆ మెథోట్రెక్సేట్ మళ్ళీ మన దేశంలో జరిగిన ఒక పరీక్షలో కనిపిస్తుంది. శస్త్రచికిత్సతోనో రేడియేషన్‌తోనో నయం చేయలేని దశకి చేరిన తల, మెడ కేన్సర్లున్న 151 మంది మీద ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు చేసిన పరీక్ష అది. ఫలితాలు 2022లో వచ్చాయి. గుట్కాలూ, ఉత్తరాంధ్రలో అడ్డపొగా ఉన్న మనకి ఇది పరాయి జబ్బేం కాదు. సగం మందికి మెథోట్రెక్సేట్‌తో సహా మూడు రకాల మాత్రలు ఇచ్చారు. మిగతా సగానికి వాటితో పాటు నివోలుమాబ్ అనే ఖరీదైన మందుని, మామూలు మోతాదులో పదోవంతు కన్నా తక్కువగా, మూడు వారాలకి 20 మిల్లీగ్రాములు కలిపారు. ఏడాది తరవాత బతికున్నవాళ్ళు మొదటి వర్గంలో 16.3 శాతం, రెండో వర్గంలో 43.4 శాతం. తీవ్రమైన దుష్ఫలితాలు దాదాపు సమానం: 50 శాతం, 46.1 శాతం.

ఇక్కడ కొలిచింది బతుకునే. అందుకే ఈ ఫలితమంటే నాకు గౌరవం. అలాగని దీన్ని "చవకగా కేన్సరు మాయం" అని ఫోన్లలో తిప్పితే అన్యాయం. వందమందిలో 57 మంది ఏడాది దాటలేదు. పూర్తి మోతాదుతో పోల్చి చూడలేదు. అందరి కేన్సర్లకీ ఇది వర్తించదు. ఇక దుష్ఫలితాలు సమానమే అన్నప్పుడు, రెండు వైపులా దాదాపు సగం మందికి తీవ్రంగానే ఉన్నాయన్న సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఇంకో మాట 'సగం తగ్గింది' అనేది. నూటికి 40 మందికి తిరగబెట్టే జబ్బు 20 మందికి తగ్గినా సగమే, 4 నుంచి 2కి తగ్గినా సగమే. మొదటిదానికి ఇల్లు తాకట్టు పెట్టొచ్చు. రెండోదానికి పెట్టాలా వద్దా అన్నది ఆ ఇంటివాళ్ళు నిర్ణయించుకోవాలి, అదీ రెండు అంకెలూ తెలిశాక.

సరే, మనకిప్పుడు లేనిదేమిటి? పరీక్షలో చేరేటప్పుడు రోగికి అర్థమయ్యే భాషలో కాగితం ఇచ్చి సంతకం తీసుకోవాలి. ఆ పరీక్షల్ని నమోదు చేయడానికి మన దేశంలో 2007 నుంచీ ఒక రిజిస్ట్రీ ఉంది. 2009 నుంచి నమోదు తప్పనిసరి కూడా. ఫలితం దగ్గరికొచ్చేసరికి మాత్రం అంతా ఇంగ్లీషు వైద్య పత్రికలే. యూరపులో 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, ఫలితాలని మామూలు మనుషులకి తెలిసే మాటల్లో సంగ్రహంగా ఇచ్చి తీరాలి. తెలుగు రోగులు పాల్గొన్న ప్రతి పరీక్షకీ అలాంటి పేజీ ఒకటి తెలుగులో అడగడం గొంతెమ్మ కోరికేం కాదు. ఎవరిమీద చేశారు, దేనితో పోల్చారు, ఎంతమంది ఎన్నాళ్ళు బతికారు, ఎంతమంది ఏం బాధపడ్డారు... ఇవి చాలు. డాక్టర్లు అంకెలిస్తే, ఆ పేజీ నమూనా తయారుచేసిపెట్టే తెలుగు ప్రోగ్రామర్లకి కొదవలేదు. యంత్రానువాదాన్ని వాడుకోవచ్చు గానీ, అచ్చుకి పోయేముందు తెలుగు తెలిసిన నర్సమ్మ ఒకావిడ చదివి ఎర్ర సిరాతో దిద్దాలి. 'పురోగతి'ని మొట్టమొదట కొట్టేసేది ఆవిడే.