కన్నీటి బుడ్లు

అబద్ధము అందముగా నున్నచో నెంతకాలము బ్రతుకునో చూడుడు. ప్రాచీన రోమకుల సమాధులలో పొడుగు మెడగల చిన్న గాజుబుడ్లు విస్తారముగా దొరకినవి. మృతునికై అతని బంధువులు కార్చిన కన్నీటిని వీనిలో పట్టి శవముతో నుంచిరని ఐరోపా పండితులు చిరకాలము నమ్మిరి. వానికి కన్నీటి బుడ్లని పేరుపెట్టిరి. తరువాత లోపలి మడ్డిని పరీక్షింపగా బయటపడినవి నూనెలును, సుగంధ లేపనముల శేషములును. కన్నీరు కాదు!

క్రీస్తుకు పూర్వము మొదటి శతాబ్దమున మధ్యధరా సముద్రపు తూర్పుతీరమందు గాజు నూదు విద్య పుట్టెను. గొట్టపు కొనకు కరగిన గాజును తగిలించి యూదినంతనే బుడ్డి రూపొందును. అంతవఱకు శ్రీమంతుల సొత్తైన గాజు పిమ్మట సామాన్యుల చేతికి వచ్చెను. రోములో రాగినాణెమునకు గాజుపాత్ర దొరకెడిదని స్ట్రాబో వ్రాసెను. మట్టివలె గాజు తైలమును పీల్చదు. సన్నని మెడనుండి బొట్టుబొట్టుగా జారును. స్నానశాలలోను, విందులోను, తుదకు అంత్యక్రియలలోను ఆ బుడ్లే.

వానిలోని పరిమళములలో మన జటామాంసి యొకటి. అది గంగాముఖపు రేవునుండి ఎగుమతి యగుచుండెనని మొదటి శతాబ్దపు పెరిప్లస్ గ్రంథము చెప్పుచున్నది. భారతదేశము ఏటేట ఐదుకోట్ల సెస్టర్సుల ధనమును లాగుకొనుచున్నదని ప్లినీ మొఱపెట్టెను. మా కళింగపట్నపు రేవునుండియు పూర్వము పరిమళ తైలములు పోయెడివని పెద్దలు చెప్పుకొందురు. 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తించిన శాలిహుండపు స్తూపములు ఆ చేరువనే వంశధార యొడ్డున నున్నవి. గర్వింతము, తప్పులేదు. కాని లోకమునకు పరిమళము పంచితిమనుకొను మనము మన యింటిలో నెవరికి పంచుచున్నాము?

ఒకనాటి పేరంటములో నేను చూచితిని. తెల్లవాఱకముందే లేచి సాన మీద గంధము తీసినది ఆ యింటి పెద్దమ్మగారు. ముత్తైదువలు వచ్చు వేళకు ఆమె తలుపుచాటునకు పోయెను. పన్నీరుబుడ్డి అందఱి మీదను చిలికి ఆ తలుపుకడ నాగిపోయెను. ఆమె చేసిన నేరము భర్త మరణించుటయే!

“ఇది ఆచారము, ఆమెయే వలదనును” అందురు. చిన్ననాటినుండి వలదనుట నేర్పి, ఆ మాటనే సాక్ష్యముగా తెచ్చుట ఏటి న్యాయము? “బానిసల నేలిన రోమకులు మనకు గురువులా?” అందురు. వారి ననుకరింపుమని నేననలేదు. వారు చచ్చినవారికి సైత మర్పించిన దానిని మనము బ్రతికియున్న తల్లికి నిరాకరించుచున్నామని మాత్రమే చెప్పుచున్నాను.

వితంతు వివాహమునకు 1856లోనే చట్టము వచ్చెను. 1881 డిసెంబరు 11న వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించిరి. పెండ్లికి త్రోవ తెఱచి ఇన్నియేండ్లైనను గంధపుగిన్నె యింకను కొన్ని యిండ్లలో ఆ తలుపు దాటలేదు. దీనికి చట్ట మక్కఱలేదు, సభ లక్కఱలేదు. ఇంటి ఇల్లాలు చేయి చాచిన చాలును.

ఆ పండితులు గాజుబుడ్డిలో కన్నీరున్నదని పరీక్షింపకయే నమ్మిరి, పరీక్షించి దిద్దుకొనిరి. విధవ జీవితమున కన్నీరు తప్ప మఱేమియు నుండరాదని మనమును పరీక్షింపకయే నమ్మితిమి. సోదరీమణులారా! వచ్చు పేరంటమున తలుపుచాటున నున్న యామెను పిలిచి, మొదట ఆమెకే గంధము పూయుడు.