తెనాలి ఇంకను వ్రాయవలసిన బాలనవల

సూసన్ కూపర్ 1999లో వెలువరించిన ‘కింగ్ ఆఫ్ షాడోస్’ అను ఆంగ్ల నవల పది పండ్రెండేండ్ల పిల్లలకై వ్రాయబడినది. తలిదండ్రులు లేని నాట్ ఫీల్డ్ అను అమెరికా బాలుడు బాలనటుల బృందముతో లండను చేరి, ప్రాచీనరీతిని మరల కట్టిన గ్లోబ్ నాటకశాలలో షేక్స్పియరు నాటకమున పక్ వేషము కట్టుటకు సిద్ధపడుచుండగా, జ్వరపడి నిద్రించి, మేల్కొనునప్పటికి 1599వ సంవత్సరపు లండనులో నుండును. ఆ యేటనే వెలసిన అసలు గ్లోబులో అతడు పక్ కాగా, ఒబెరాన్ వేషమున అతని కెదుట నిలుచువాడు సాక్షాత్తు షేక్స్పియరే. 1596లో కుమారుని పోగొట్టుకొనిన కవికిని, తండ్రిని పోగొట్టుకొనిన బాలునకును నడుమ నంకురించు వాత్సల్యమే ఆ గ్రంథమునకు ఆయువుపట్టు.

ఈ కథలో మాయ యనదగినది కాలము తారుమారగుట యొక్కటియే. అది నమ్మదగినదగుటకు హేతువు నాటకశాల. రంగు వేసికొన్న మనుష్యుడు మరియొకడగుట నిత్యకృత్యమైన చోట, నాలుగువందల యేండ్ల దూరమును దాటుటయు బాలహృదయమునకు అసంభవముగా దోపదు. మాయాకథకు అడవికన్న, కోటకన్న, రంగస్థలమే సహజమైన నెలవని నా విశ్వాసము. అట్టి నవల తెలుగున పుట్టవలసిన చోటు ఉమ్మడి గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తి మిరప మైదానమేయని నా దృఢాభిప్రాయము.

మిరపకోతలు సాగి కళ్ళములు ఎఱ్ఱబారు దినములలో, శివరాత్రికి కోటప్పకొండకు ప్రభలు కదలు కాలమున, ఈ పల్లెల తిరునాళ్ళలో తెల్లవార్లు పద్యనాటకములాడుట పరిపాటి. ఊరివారు చందాలు వేసికొని కుదిర్చి తెచ్చిన నటులు హార్మోనియముతో పద్యమెత్తుకొనుచుండగా, చాపమీద సగము నిద్రలోనున్న బిడ్డకు కనబడునదేమి? పాండవోద్యోగవిజయములలో పడకసీనునందు శ్రీకృష్ణుడొకడు. రాయబారము సీను వచ్చుసరికి మరియొకడు. ముఖము మారినది, కంఠము మారినది, ఎత్తు మారినది. ఐనను పెద్దలెవ్వరును విస్మయపడరు సరిగదా, ‘వన్స్‌మోర్’ అని కేకలు వేయుదురు. పేరుగల నటులు ఇద్దరు ముగ్గురు ఒకే పాత్రను పంచుకొనుట కాంట్రాక్టు నాటకముల ఆచారమని మనమెరుగుదుము. బిడ్డ యెరుగదు. మొదటి కృష్ణుడెక్కడికి పోయెనో చూచి వత్తునని ఒక్క పిల్ల లేచి తెర వెనుకకు నడచినచో, నవల ఆరంభమైనట్లే.

ఈ నేలమీద జరిగిన యథార్థములును ఆ కల్పనకు తీసిపోవు. 1920లో బాపట్లయందు హరిశ్చంద్ర నాటకమునకు చంద్రమతి వేషధారి రాకపోగా, పదునెనిమిదేండ్లు నిండీ నిండని స్థానం నరసింహారావు అనుకొనకుండ ఆ వేషము ధరించెను. అనంతరము తెనాలి శ్రీరామవిలాససభ రంగముపై సత్యభామయై, రోషనారయై, మధురవాణియై ఆంధ్రదేశమును మురిపించి, 1956లో పద్మశ్రీ నందెను. షేక్స్పియరునాటి గ్లోబులోను స్త్రీపాత్రలను బాలురే ధరించిరి. నాట్ ఫీల్డు నిదురించి బాపట్లలో మేల్కొనినను ఆ రంగమున నతనికి పరిచయము లేనిది భాష మాత్రమే.

ఇక సురభివారి మాట. 1885లో కడప సీమలోని సురభి గ్రామమున ‘కీచకవధ’ ప్రదర్శనతో మొదలైన ఆ నాటకకుటుంబములలో శిశువు రంగముపైననే నడక నేర్చును, తల్లి నాయిక, తాత సూత్రధారి, మేనమామ తెర లాగువాడు. వారి మాయాబజారులో ఘటోత్కచుని యెదుట లడ్లు గాలిలో లేచివచ్చును. తీగ కనబడుచునే యుండును, బిడ్డ ‘అదిగో తీగ’ అని వ్రేలితో చూపును, మరుక్షణమున నోరు తెరచి చూచును. తెరమీది బొమ్మలకు అలవాటుపడిన నేటి పిల్లలకు నాటకపు మాయ చప్పగా దోచునని వాదించువారు ఈ దృశ్యమును ఒక్కసారి చూడవలెనని నా ప్రార్థన. ఉపాయము తెలిసియు ఆశ్చర్యపడగల శక్తి ఆ వయసున నున్నంతగా మరి యే వయసునను లేదు, బాలనవలకు మూలధనమదియే.

నన్ను మిక్కిలి బాధించు విషయము వేరొకటి కలదు. 1947 జూలైలో ‘చందమామ’ను నాగిరెడ్డితో గూడి వెలువరించిన చక్రపాణి తెనాలివాడు, దానిని దశాబ్దములపాటు తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు తెనాలివాడు, 1954లో ‘తోకచుక్క’తో ఆరంభించి ‘కంచుకోట’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’, ‘మాయాసరోవరం’ మున్నగు ధారావాహికలతో తెలుగు బాల్యమును ఉఱ్ఱూతలూగించిన దాసరి సుబ్రహ్మణ్యము ఆ ప్రాంతమువాడే. తెలుగు పిల్లల మాంత్రికులును, తెలుగు రంగమునకు రారాజులును ఒకే పట్టణపు నీరు త్రాగిరి. ఆ శీర్షికలలో కోటలు గలవు, దుర్గములు గలవు, సరోవరములు గలవు. పెట్రోమాక్సు దీపముల వెలుగున నిలిచిన నాటకపు పందిరి లేదు. ఈ రెండు విద్యలను కలుపవలసిన ఋణము మన తరముపై నున్నది.

బాలసాహిత్యమునకు పోటీలు పెట్టు పత్రికలు ఒక సంవత్సరము ఈ యితివృత్తమునకే బహుమానము కేటాయింపవలెను. ఎన్నుకొనబడిన రచయితకు తిరునాళ్ళ ఋతువంతయు నటుల వ్యానులో తిరుగుటకును, రంగు పూయువారి చెంతను హార్మోనిస్టు చెంతను కూర్చుండి వినుటకును కావలసిన వ్యయము ముందుగనే ఇయ్యవలెను. ఏలయన, పాతతరము నటులు వృద్ధులగుచున్నారు. కథానాయిక రాకుమారి కానక్కరలేదు. కాయ కోతకై కర్నూలు ప్రాంతమునుండి తల్లిదండ్రుల వెంట వలసవచ్చి, బడి మానుకొని, చేనిగట్టున గుడిసెలో నుండు బాలిక యైనచో మరింత మేలు. అట్టి పిల్లలు ఏటేట ఈ మైదానమునకు వచ్చుచున్నారు. వారు మొదటి పాత్రగా నున్న మాయానవల యొకటి, పెద్ద అక్షరములతో, రంగుల బొమ్మలతో, మండలకేంద్రపు గ్రంథాలయములో వారి చేతికి అందవలెను.