సైగలు రాని బడి

బధిరుల పాఠశాలలో టీచరు బోర్డు వైపు తిరిగి రాస్తూ పాఠం చెబితే, ఆ పాఠం గోడకు చెప్పినట్టే. సంజ్ఞా భాష సరిగా రాని టీచరు పిల్లల వైపు తిరిగి చెప్పినా పెద్ద తేడా ఉండదు. పెదవుల కదలిక చూసి గ్రహిస్తారులే అనుకోవడం భ్రమ. ‘పాట’, ‘బాట’, ‘మాట’ పెదవుల మీద ఒకేలా కనిపిస్తాయి. గొంతులో పుట్టే ‘క’, ‘గ’లైతే దాదాపు కనిపించవు.

ఈ భ్రమ పాతదే. 1880లో బధిరుల విద్యపై మిలాన్‌లో జరిగిన మహాసభలో చేరిన బోధకులు సైగలను తరగతి గది నుంచి వెళ్లగొట్టాలని తీర్మానించారు. ఓటు వేసినవారిలో దాదాపు అందరూ వినగలిగినవారే! ఆ తీర్మానాన్ని తోసిపుచ్చి విచారం తెలపడానికి 2010లో వాంకూవర్‌లో జరిగిన బధిరుల విద్యా మహాసభ దాకా ఆగాల్సి వచ్చింది.

మన కాగితాలు మాత్రం బాగానే ఉన్నాయి. సంజ్ఞా భాష, బ్రెయిలీ వచ్చిన టీచర్లను నియమించాలని, వారిలో వికలాంగులూ ఉండాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది. భారతీయ సంజ్ఞా భాషను దేశమంతటా ప్రామాణీకరించి, అందులో పాఠ్యసామగ్రి తయారు చేయాలని 2020 జాతీయ విద్యా విధానం అంటోంది. కానీ శిక్షణలో నేర్చిన నాలుగు సైగలతో భిన్నాలు, కిరణజన్య సంయోగక్రియ బోధించడం ఎలాగో ఏ ఉత్తర్వూ చెప్పదు.

వినికిడి యంత్రాలు, కాక్లియర్ ఇంప్లాంట్లు కొందరికి మేలు చేస్తాయి, కాదనం. కానీ అవి భాషకు బదులు కావు. పుట్టినప్పటి నుంచీ సంజ్ఞా భాషలో పెరిగిన బధిర పట్టభద్రులకు టీచరు నియామకాల్లో మొదటి పిలుపు అందాలి. చెవిటి పిల్లల్లో ఎక్కువమందికి తల్లిదండ్రులు వినగలిగినవారే. కాబట్టి ఆ తల్లిదండ్రులకూ బడిలోనే సాయంత్రం సంజ్ఞా భాష తరగతులు పెట్టాలి. ఈ రెండింటికీ కొత్త చట్టం అక్కర్లేదు.