చెవికి ఒకటే, కంటికి రెండు

ఇంగ్లీషు స్పెల్లింగు ఎందుకు తప్పుతుందని అడిగితే, పిల్లవాడికి శ్రద్ధ లేదంటారు తల్లిదండ్రులు. నేను ఒప్పుకోను. తెలుగు పిల్లవాడు శ్రద్ధగా విని, విన్నది విన్నట్టు వ్రాస్తాడు గనకనే సగం తప్పులు వస్తాయి. మన భాషలో పలికినట్టు వ్రాస్తాం, వ్రాసినట్టు పలుకుతాం. ఆ నమ్మకంతో ఇంగ్లీషు గుమ్మం ఎక్కినవాడికి మొదటి మెట్టుమీదనే కాలు జారుతుంది. అక్కడ ఒకే ధ్వనికి రెండు మూడు వేషాలు. రాజమండ్రి వీరేశలింగం పంతులుగారు షేక్స్పియరు నాటకం ఒకటి 'చమత్కార రత్నావళి' అని తెలుగు చేశారు. అందులో ఒకే పోలిక గల కవలలను చూసి ఊరంతా తికమకపడుతుంది. ఈ మాటలూ కవలలే. కాకపోతే వీటికి ఒకటైనది ముఖం కాదు, గొంతు.

ఇది సరదాకి చెప్పుకునే సంగతి మాత్రమే కాదు. కోనసీమనుంచి ఒక తల్లి మొన్న ఉత్తరం వ్రాసింది. ఆమె భర్త పోయాడు. ఆయన పేర ఉన్న కొబ్బరితోట తమ పేరున మార్పించుకోవడానికి అర్జీ పెట్టింది. చట్టరీత్యా వారసురాలు అనే అర్థంలో 'లీగల్ హెయిర్' అని టైపు కొట్టి ఇచ్చాడు ఆఫీసు బయట కూర్చునే కుర్రవాడు. కొట్టింది హెచ్-ఏ-ఐ-ఆర్. అంటే ఆమె తన భర్తకు చట్టబద్ధమైన వెంట్రుక! గుమాస్తా నలుగురిలో పైకి చదివి నవ్వాడట. అర్జీ తిరిగివచ్చింది. మళ్ళీ టైపు, మళ్ళీ బస్సు, మళ్ళీ ఒక రోజు పని పోవడం. "మా అబ్బాయి ముందే ఫోనులో సరిచూశాడండి, ఎర్రగీత పడలేదండి" అని వాపోయింది.

పడదమ్మా. వెంట్రుక కూడా నిఘంటువులో ఉన్న నిక్షేపమైన మాటే. లేని మాట వ్రాస్తే యంత్రం అరుస్తుంది గాని, ఒకరి చోట ఇంకొకరు వచ్చి కూర్చుంటే చాలాసార్లు ఊరుకుంటుంది. ఇక ఆ గుమాస్తా నవ్విన నవ్వుకు నాకు మర్యాదైన మాట తోచడం లేదు.

వారసుడికి కావలసినది హెచ్-ఇ-ఐ-ఆర్. చిత్రమేమంటే, ఈ పొరపాటు ఇంగ్లీషువారు చేసేది కాదు. వాళ్ళు ఆ మాటలో హెచ్ పలకరు. వాళ్ళ నోట వారసుడూ, పీల్చే గాలీ ఒకటే, రెండూ 'ఎయిర్'. మనమో, కంటికి కనిపించిన అక్షరాన్ని పలకకపోవడం అన్యాయమనుకునేవాళ్ళం. హెచ్‌ను గట్టిగా పలుకుతాం. దాంతో దొరలకు గాలి అయినవాడు మనకు వెంట్రుక అయ్యాడు.

ఈ వారసుణ్ణి గుర్తుపెట్టుకుంటే ఇంకో పెద్ద చిక్కు కూడా విడిపోతుంది. 'వారి ఇల్లు, వారి తోట' అనేటప్పుడు వచ్చే దెయిర్ టీ-హెచ్-ఇ-ఐ-ఆర్. ముందున్న టీ తీసేయండి, మిగిలేవాడు వారసుడే. సొత్తు ఉన్నచోట వారసుడు ఉంటాడు. 'అక్కడ' అనే దేర్ టీ-హెచ్-ఇ-ఆర్-ఇ. దానిలోనూ టీ తీసేయండి. మిగిలేది హెచ్-ఇ-ఆర్-ఇ, అంటే 'ఇక్కడ'. ఆ 'ఇక్కడ'కు మళ్ళీ ఒక కవల ఉంది, 'వినడం' అనే హియర్. అది హెచ్-ఇ-ఏ-ఆర్. అందులో ఇ-ఏ-ఆర్ అని చెవి దాగి ఉంది చూడండి. చెవి లేకుండా వినడం ఎక్కడిది?

కొన్నిచోట్ల మన తెలుగు నోరే మనకు మేలు చేసింది. కాలేజీ పెద్దను మనం 'ప్రిన్సిపాల్‌గారు' అంటాం. నియమానికి కట్టుబడినవాణ్ణి 'ప్రిన్సిపుల్ ఉన్న మనిషి' అంటాం. ఇంగ్లీషువారికి రెండూ ఒకే పలుకు. వాళ్ళ పిల్లలు ఏడుస్తూ బట్టీపడతారు. మనవాళ్ళు పలికినట్టు వ్రాస్తే చాలు: పెద్దాయన చివర పీ-ఏ-ఎల్, నియమం చివర పీ-ఎల్-ఇ. రైల్లో పడుకునే బెర్తుకు ఇ, పుట్టిన బర్తుకు ఐ. వీటినీ మనం విడివిడిగానే అంటాం. అయినా అనుమానం వస్తే, పడక అనే బెడ్‌లో కూడా ఇ ఉన్నదని తలచుకోండి.

మేలు చేసిన నోరే కీడూ చేస్తుంది. తెలుగులో 'వ' ఒక్కటే గనక వీకి, డబ్ల్యూకి మన దగ్గర తేడా లేదు. వెస్ట్ గోదావరి అనడంలో వెస్ట్‌ను వీతో వ్రాశారనుకోండి, అది పడమటి గోదావరి కాదు, బనియను గోదావరి! బళ్ళో పరుగు పందెంలో గెలిచినవాడు ఇంటికి వచ్చి 'ఫస్ట్ ప్రైస్' వచ్చిందంటాడు. సీతో వ్రాస్తే అది వెల. బహుమతికి జెడ్ కావాలి. ఇంగ్లీషువారి చెవికి ఇవి కవలలే కావు. వీటిని కవలలుగా చేసుకున్నది మనం.

ఇక వీధుల్లో నడుస్తూంటే కనిపించే మాట స్టేషనరీ. కాగితాలు, కలాలు అమ్మే కొట్టుకు చివర ఇ-ఆర్-వై రావాలి. ఏ-ఆర్-వై అని వ్రాస్తే కదలనిదని అర్థం. ఉత్తరం పెట్టే ఎన్వలప్ ఇతో మొదలవుతుంది గనక దానితో కలిపి జ్ఞాపకం పెట్టుకోండి. కాని ఆ బోర్డు వ్రాసిన పెయింటరును మరీ నిందించకండి. పూర్వం ఐరోపాలో పుస్తకాలు అమ్మేవాళ్ళలో ఊరూరా తిరిగేవాళ్ళు కాక, ఒకచోట కదలకుండా కొట్టు పెట్టినవాణ్ణి స్టేషనర్ అన్నారు. రెండు మాటలూ ఒక తల్లి బిడ్డలే. అలాంటివే కడియం తోటల్లో పూసే ఫ్లవరూ, మరలో ఆడించే పిండికి చెప్పే ఫ్లోరూ. మనం రెండు విధాల అన్నా, వాళ్ళ పలుకు ఒకటే. పిండిలో మేలైన భాగాన్ని 'పువ్వు' అన్నారు. తర్వాత ఎవరి స్పెల్లింగు వారికి పంచి వేరు కాపురం పెట్టించారు.

ఇన్ని వేషాలు ఎందుకు వచ్చాయి? 1476లో కాక్స్టన్ అనే ఆయన ఇంగ్లండులో తొలి అచ్చుకూటం పెట్టాడు. అచ్చులో పడ్డ వ్రాత క్రమంగా బిగుసుకున్నది, నోరు మాత్రం మారుతూ పోయింది. వీరుడు అనే నైట్ కె-ఎన్-ఐ-జీ-హెచ్-టీ. అందులోని కె, జీ-హెచ్ ఒకప్పుడు నిజంగా పలికినవే. పలుకు పోయింది, అక్షరం మిగిలింది. దాన్ని చూసి నవ్వే ముందు మన ఇంట్లోకి ఒకసారి తొంగిచూడండి. పిఠాపురం మహారాజావారి పేరున వెలసిన సూర్యరాయాంధ్ర నిఘంటువు తెరిస్తే ఏఱు వేరు, ఏరు వేరు. బండి ఱ ఉన్నది పారే నది, మామూలు ర ఉన్నది రాళ్ళు ఏరడం. అరసున్న ఉన్న ఏఁడు సంవత్సరం, లేని ఏడు ఆరు తర్వాతది. మన తాతల నాటికే ఇవి చెవికి ఒకటైపోయాయి. బండి ఱనూ, అరసున్ననూ మనం వాడుకలో వదిలేశాం. ఇంగ్లీషువారు వాళ్ళ అరసున్నలను వదల్లేదు, అంతే తేడా. వదలకపోవడం మంచిదా అంటే, వ్రాసే పిల్లవాడికి కాదు, చదివేవాడికి మంచిదే. చూడగానే అర్థం తెలిసిపోతుంది.

అమ్మలకు ఒక్క విన్నపం. కవలలిద్దరినీ పక్కపక్కన నిలబెట్టి పిల్లలచేత బట్టీపట్టించకండి. ఏది ఏదో అన్న అనుమానం అక్కడే పుడుతుంది. ఒకదాన్ని పదిరోజులు వాక్యాలలో వాడనిచ్చి, అది స్థిరపడ్డాక రెండోదాన్ని ఇంటికి పిలవండి. కాపీ పుస్తకంలో విడి మాటలు నూరుసార్లు వ్రాయించడం కన్నా, "వారి తోట అక్కడ ఉంది" అన్న వాక్యం ఇంగ్లీషులో నాలుగు రోజులు వ్రాయించడం నయం.

ఈ వారం ఒక ప్రశ్న. అంతర్వేది తీర్థానికి బస్సు ఛార్జీ ఎంత అని ఇంగ్లీషులో అడగాలి. తీర్థమూ ఫెయిరే, ఛార్జీ కూడా ఫేరే. ఒకటి ఎఫ్-ఏ-ఐ-ఆర్, ఇంకొకటి ఎఫ్-ఏ-ఆర్-ఇ. ఏది దేనికి? ఆనవాలు చెబుతాను: ఫేర్ అంటే పాత ఇంగ్లీషులో ప్రయాణం చేయడం. ఊరు వెళ్ళేవాళ్ళకు చెప్పే ఫేర్‌వెల్‌లో ఉన్నది అదే.