తుపాకీ ఉగాది వేడుకకు రాదు

మా ఇంటికి రైఫిల్ వచ్చిన సంగతి ఏ. పళ్లిపట్టిలో అందరికీ తెలిసిపోయింది, ఇక దాచేదేముంది. ఇషాపూర్ ఫ్యాక్టరీ పాయింట్ 315. కొత్తదే, కానీ చూస్తే పాత సినిమాల్లో పోలీసు తుపాకీలా ఉంది. ఉండదా మరి, లీ-ఎన్‌ఫీల్డ్ వంశం! పాయింట్ 303 సైన్యం తూటా కనుక తెల్లదొరలు జనం చేతికి రానివ్వలేదు. అందుకే ఈ 315. కర్ర పిడి, మంచి బరువు. బోల్టు బిగుతు, ముందుకు తోసేటప్పుడే లోపలి స్ప్రింగు బిగుసుకుంటుంది, చేతికి అలవాటు కావాలి.

వేరుశెనగ చేలో పందుల బెడద తీరుతుందనుకున్నాం. తీరలేదు. లైసెన్సు ఉన్నా, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అడవిపందిని మనంతట మనం కాల్చకూడదు.

ఇప్పుడు అసలు మాట. ఉగాది వేడుకకు తెచ్చి గాల్లోకి ఒక్కటి పేల్చమని తమ్ముళ్లు కొందరు అడుగుతున్నారు. తేము. వేడుకల్లో ఇతరులకు ప్రమాదం కలిగేలా కాలిస్తే, 2019 సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం సరే, పైకి పోయిన గుండు ఎక్కడో కిందికి దిగాలి కదా? పందిరి చుట్టూ ఉండేది మన పిల్లలే.

చూడాలనుకుంటే ఇంటికి రండి, కాఫీ తాగి చూసి వెళ్లండి. తూటాలు మాత్రం వేరే బీరువాలో ఉంటాయి, అవి అడగొద్దు.