ఒక్క పగటి యాత్ర

కార్తీకమాసము వచ్చుటతోడనే పాఠశాలలలో యాత్రల ముచ్చట మొదలగును. భీమ్‌గల్ వంటి చిన్న పట్టణములో, ఉపాధ్యాయుల గదిలో, ఆ ముచ్చట కాగితముమీద స్థలముల పట్టికగా మారుటకు ఎంతోసేపు పట్టదు. తెల్లవారుజామున బస్సు కదలవలెను. ఉదయము బాసరలో సరస్వతీ దర్శనము, మధ్యాహ్నము పోచంపాడు ఆనకట్ట, ఆపైన నిర్మల కొయ్యబొమ్మలు, పొద్దున్నచో కుంటాల జలపాతము, రాత్రికి ఇల్లు. పట్టిక ఎంత పొడవైనచో యాత్ర అంత గొప్పదని లెక్క. బస్సు కిరాయి ఎట్లును ఇచ్చుచున్నాము గదా, మరి రెండు చోట్లు చూచిన తప్పేమి అని ఒకరందురు. తక్కినవారు తలయూపుదురు.

తప్పున్నది. అది చిన్నది కాదు.

ఏబది మంది పిల్లలు బస్సు దిగి, వరుసలో నిలిచి, లెక్క సరిచూచుకొని, మరల ఎక్కుటకు పట్టు కాలమును ఏ పట్టికయు చూపదు. దాహము, ఆకలి, బస్సు పడనివారి వాంతులు, ఆడపిల్లలకు మరుగుదొడ్డి వెదకుట వీనిలోనే పగటిలో ఒక భాగము కరగిపోవును. మిగిలిన కాలమును అయిదు చోట్లకు పంచినచో ఒక్కొక్క చోటికి దక్కునది అరగంట. ఆనకట్టపై అరగంట నిలిచిన విద్యార్థికి నీరు కనబడునేగాని, ఆ నీరెక్కడినుండి వచ్చుచున్నదో ఎవరి పొలమునకు పోవుచున్నదో తెలియదు. మరునాడు ఏమి చూచితిరని అడిగినచో ఊర్ల పేర్లు చెప్పుదురు. ఆ పేర్లు పాఠ్యపుస్తకములోనే యున్నవి; వానికై బస్సు ఎక్కవలసిన పని లేదు.

ఈ అత్యాశ భీమ్‌గల్‌కే ప్రత్యేకమైనది కాదు. స్పెయిన్ దేశపు దక్షిణ తీరమున నెర్హా యను చిన్న పట్టణమున్నది. సముద్రస్నానమునకై వచ్చిన పరదేశీయులు అక్కడ బస చేసి, పగలు చుట్టుపట్ల ఊర్లు చూచి, రాత్రికి బసకు మరలుదురు. వారు గ్రనడా నగరములోని అల్‌హంబ్రా కోటను చూడదలచినచో ముందుగా టికెట్టు కొనుట మంచిది. అందలి నస్రీ రాజుల భవనములలో ప్రవేశించు వేళ ఆ టికెట్టుమీదనే యుండును. ఆ వేళను తప్పినవారు లోపలికి పోజాలరు. అందుచేత అనుభవజ్ఞులు గ్రనడాకు పోవు దినమును గ్రనడాకే విడుతురు. అక్కడ టికెట్టు విధించు కట్టుబాటు నిజామాబాదు జిల్లాలోని ఆనకట్టలకును గుట్టలకును లేదు. ఇచట ఆ కట్టుబాటును ఉపాధ్యాయుడే విధించుకొనవలెను: ఒక దినమునకు ఒక చోటు, ఆ చోటికి ఒక ప్రశ్న.

ఆ ప్రశ్నను ఊరిలోనే మొదలిడవచ్చును. భీమ్‌గల్‌కు కొద్ది దూరములోనే లింబాద్రి గుట్ట కలదు. నింబాచలమని ప్రసిద్ధికెక్కిన ఆ నారసింహ క్షేత్రమునకు కార్తీక జాతరలో పిల్లలందరును తల్లిదండ్రులతో పోయినవారే. కాని జాతరనాడు కనబడునవి జనము, అంగళ్లు, రథము. జాతర లేని నాడు, సద్దిమూటలు చేతబట్టుకొని పోయి, గుట్టపై కూర్చుండి ఒక్క మాట అడుగవలెను: ఇక్కడ కురిసిన వాన ఎటు పోవును? వాగుల వెంట, చెరువుల వెంట చూపును నడిపించినచో సమాధానము దొరకును. ఆ ప్రాంతపు కప్పలవాగు నీరు కడకు గోదావరిని చేరవలసినదే. ఇంటి ముంగిట వాగునకును, భూగోళ పటములోని మహానదికిని గల బంధుత్వము ఆ దినమున తెలియును. ఈ యాత్రకు అయిన వ్యయమెంత? కాలినడక, ఇంటి బువ్వ.

రెండవ యాత్ర బాసరకే కావచ్చును, కాని రైలులో. భీమ్‌గల్‌కు రైలు లేదు. నిజామాబాదు వరకు బస్సులో పోయి రైలెక్కవలెను. సికిందరాబాదు నుండి మన్మాడు పోవు మార్గములో బాసరకు ముందే రైలు గోదావరిని దాటును. రైలెక్కియెరుగని విద్యార్థికి ఆ వంతెన చాలును. బాసరకు ఎగువన కందకుర్తి వద్ద మంజీర వచ్చి గోదావరిలో కలియుచున్నదని ఆ వంతెనపైననే చెప్పవలెను. అప్పుడు మూడవ యాత్రకు దారి దానంతట అదే తెరచుకొనును: ఆ మంజీర ఎక్కడినుండి వచ్చుచున్నది, వచ్చుదారిలో ఏమి చేసినది?

దీనికి సమాధానము బోధనులో కలదు. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండలలో పుట్టిన మంజీరపై 1923లో మొదలిడి 1931 నాటికి నిజాంసాగరమును కట్టిరి. ఆ కాలువల నీటితో చెరకు పండెను. ఆ చెరకునకై 1937లో బోధను శక్కర్‌నగరులో నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. ఒక నది ఒక ఆనకట్టను, ఆ ఆనకట్ట ఒక పంటను, ఆ పంట ఒక కర్మాగారమును, ఆ కర్మాగారము ఒక నగరమును పుట్టించిన కథ యిది. భూగోళము, చరిత్ర, అర్థశాస్త్రము అను మూడు పాఠములు ఇంత దగ్గరగా ఒక్కచోట కలిసియుండుట అరుదు.

మూతపడిన కర్మాగారములో చూచుటకేమున్నది అని కొందరడుగవచ్చును. 2015 డిసెంబరులో అది మూతపడినమాట నిజము. కాని పొగగొట్టము పొగ విడిచిన దినములలో చూడదగినది, పొగ ఆగినంతమాత్రమున చూడదగనిది ఎట్లగును? చెరకు వేసిన రైతు మరియొక పంటకు ఎందుకు మరలెను? ఒక పరిశ్రమ నిలిచిపోయినచో దానిని నమ్ముకొన్న బజారు, బడి, ఇల్లు ఏమగును? ఇవి పరీక్షలో రాని ప్రశ్నలు; కాని ఆ జిల్లా పిల్లల బ్రతుకులలో వచ్చు ప్రశ్నలు. లోపలికి పోవుటకు అనుమతి దొరకనిచో చింతలేదు. ఊరిలో ఒక చెట్టునీడన పిల్లలను కూర్చుండబెట్టి, ఒక విశ్రాంత కార్మికునిచే గంటసేపు మాట్లాడించిన చాలును. చెరకు తూకము మొదలు చక్కెర బస్తా వరకు చెప్పగలవారు నేటికిని కలరు. వారు ఏటేట వృద్ధులగుచున్నారు. కుంటాల జలపాతము మరు సంవత్సరమును ఉండును. ఆ మనుష్యులు ఉందురన్న నమ్మకము లేదు.

పట్టిక పొడవు మరియొక ప్రమాదమును తెచ్చును. ఆలస్యమైన యాత్ర తొందరకు లోనగును. తొందరలో ఉపాధ్యాయుని కన్ను పిల్లలపై నిలువదు. 2014 జూన్ 8వ తేదీన హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో దిగిన హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది, ఎగువ ఆనకట్టనుండి అకస్మాత్తుగా వదలిన నీటిలో కొట్టుకొనిపోయిరి. ఆ దుఃఖమును తెలుగుదేశము మరువరాదు. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు ఆనకట్టయే నేటి శ్రీరాంసాగరము; దానికి 42 వరద తలుపులు కలవు. వాని దిగువన నిలిచినవారు నీటి రాకను ముందుగా ఎరుగరు. కాబట్టి ఆనకట్టను పైనుండియే చూడవలెను. దిగువ రాళ్లపైకి ఒక్కరును పోరాదు. బాసర ఘట్టములలోను ఇదే నియమము. చీకటిపడిన పిదప జాతీయ రహదారిపై పిల్లల బస్సు ఉండరాదు. ఈ రెండు నియమములను పాటించుట ఒక్క చోటు చూచువారికి సులువు, అయిదు చోట్లు చూచువారికి అసాధ్యము.

అన్నింటికంటె ముఖ్యమైనది, పాఠశాలలో మిగిలిపోవు పిల్లల సంగతి. దూరయాత్ర పేరు చెప్పి అంత సొమ్ము తెమ్మన్ననాడు, బీడీలు చుట్టు తల్లి ఏమనును? పైఏడు చూతములే అనును. ఆడపిల్ల తండ్రి ఎంత రాత్రికి వత్తురని అడుగును. సమాధానము విని పంపనని చెప్పును. బస్సు కదలిననాడు తరగతిలో మిగిలినవారు ఎవరో ప్రతి ఉపాధ్యాయునకు తెలియును. యాత్ర వారికి మొదటగా నేర్పిన పాఠము, లోకము తమది కాదనునది. పొద్దుగూకకముందే మరలివచ్చు దగ్గరి యాత్రకు ఖర్చు తక్కువ, భయము తక్కువ. ఒక్కరును మిగులని యాత్రయే పాఠశాల యాత్ర అనిపించుకొనును.

దూరదేశములు చూడనక్కరలేదని దీని అర్థము కాదు. పదవ తరగతి దాటులోపల ఒక్కసారి హైదరాబాదును, వీలైనచో సముద్రమును చూచుట మేలే. కాని తన వాగును ఎరిగిన విద్యార్థి సముద్రమును చూచు చూపు వేరు. దగ్గరిది తెలిసినవానికే దూరమునందలి భేదము గోచరించును.

చేయవలసిన పని కష్టమైనది కాదు. ఒక వారము ముందుగా ఒక ఉపాధ్యాయుడు పోయి మంచినీరు, మరుగుదొడ్డి, నీడ ఉన్నచోట్లను చూచి రావలెను. ప్రశ్నను తరగతిలో ముందే నల్లబల్లపై వ్రాయవలెను. మరునాడు ఒక గంట కేటాయించి, చూచినదానిని కాదు, తెలిసికొన్నదానిని పిల్లలచే వ్రాయింపవలెను. నిజామాబాదు కోట వంతు కూడ వచ్చును. అచట జైలున్న కాలములో, 1948 ప్రాంతమున, దాశరథి కృష్ణమాచార్యులు బందీగా నుండి గోడలపై కవిత్వము వ్రాసెను. తెలుగు వాచకములో ఆ కవిని చదువు విద్యార్థి, ఆ గోడలను చూచి వచ్చిన పిదప అదే పాఠమును మరల తెరచును.

రానున్న కార్తీకములో ఉపాధ్యాయుల గదిలో ఆ కాగితము మరల బల్లమీదికి వచ్చును. దానిపై అయిదు ఊర్ల పేర్లకు మారుగా ఒక్క ఊరు, దానిక్రింద ఒక్క ప్రశ్న, ఆపైన తరగతిలోని పిల్లలందరి పేర్లు వ్రాసిన చాలును.